ఒంటెమెడ తొలిపట్టు

మా ఆయన లమ్జద్‌ది దేశాన్ని కొలిచే ఉద్యోగం. నేల కొలిచేవాళ్లు వేరే ఉన్నారు, ఈయన వాటాకు నీళ్లు వచ్చాయి. ట్యూనిస్‌లో, కిటికీ తీస్తే పక్క భవనం గోడ తప్ప చుక్క నీరు కనపడని గదిలో కూర్చుని, సముద్రంలో మనది ఎక్కడిదాకా, పొరుగువాళ్లది ఎక్కణ్ణుంచి, ఎవరిదీ కానిది ఎక్కణ్ణుంచి అని గీతలు గీస్తుంటాడు. పెళ్లయిన కొత్తలో ఈ విద్యనంతా నాకు రొట్టె పిండి మీద బోధించాడు. పిండి అంచే ఒడ్డు. ఆ ఒడ్డును పట్టుకుని నడిచేది మొదటి గీత. దాని బయట వేలితో ఒక చుట్టు గీస్తే అంతవరకూ మన వాకిలి లెక్క. ఇంకో చుట్టు గీస్తే అక్కడిదాకా మన పోలీసు ఈల వేసి పడవ ఆపొచ్చు. పీట అంచున ఎక్కడో గీసేది చివరిది. అందులో ఈదే చేప, అడుగున దాగిన నూనె మనవి. పైన పోయే ఓడ మాత్రం దాని దారిన అది పోతుంది.

“మొదటి గీతకు మేకు కొట్టిన చోటు ఒక్కటి లోపలికి జరిగిందనుకో నజీహా, బయట గీతలన్నీ జరుగుతాయి. కర్టెన్ కొక్కెం ఊడితే కింద అంచంతా వంకర పోతుంది చూడు, అలాగ,” అన్నాడు.

ఆ రోజు రొట్టె మూడు మండలాలుగా మాడింది. పాఠం మాత్రం గుర్తుండిపోయింది.

ఆయనది కెర్కెన్నా దీవి, అటాయా ఊరు. నాది ఎదుటి ఒడ్డున స్ఫాక్స్. మధ్యలో ఫెర్రీ దూరమే. అయినా అత్తవారి ఊళ్లో ఈనాటికీ నేను ‘నేల పిల్ల’నే. ఎందుకంటే వాళ్లకు నీళ్లు కూడా ఆస్తి. మా ఊళ్లో ఆలివ్ తోటలు పంచుకున్నట్టు అక్కడ సముద్రాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు తాతలు. లోతు మోకాళ్లు దాటని చోట్ల ఖర్జూరపు మట్టలు గుచ్చి పొడుగ్గా దడి కడతారు. ఆటు వేళ నీళ్లు వెనక్కి తీస్తుంటే వాటితో పోయే చేప దడి వెంబడే నడిచి, చివర మట్టల గదిలోకి, ఆ గదిలోంచి బుట్టలోకి చేరుతుంది. దాన్ని షర్ఫియా అంటారు. వేసవి వస్తే పీకేస్తారు. ఎండలు తగ్గాక కొత్త మట్టలతో మళ్లీ పాతుతారు.

మా అత్తగారు షెద్లియా ఇంటి షర్ఫియా ఉన్నది ఒంటెమెడ అనే దిబ్బ మీద. పోటులో మునిగి ఆటులో వీపు చూపించే రకం. తూర్పున అన్నిటికంటే చివరిది. ఇలా దోబూచులాడే దిబ్బలను లెక్కలవాళ్లు నేలగా ఒప్పుకోరు. కానీ తాతల నాటి నుంచి ఏటా దడి నిలబడే దిబ్బ అయితే గీతకు అక్కడ మేకు కొట్టవచ్చని మా దేశం వాదన. అంచేత దడి ఉంటే ఒంటెమెడ దగ్గర దేశం మొదలవుతుంది. లేకపోతే అది బురద.

ఆ ఏడు కొత్త పటం తయారవుతోంది. లమ్జద్ ఒంటెమెడకు మేకు కొట్టాడు. ఎవరైనా అడిగితే, “మా నాన్న పాతిన దడి. మా అమ్మ ఇప్పటికీ ఏటా పాతిస్తోంది. నా మాట చాలదా?” అన్నాడు. చాలింది.

ఆ సంగతి ఫోనులో విన్న రోజు నుంచి మా అత్తగారు ఊళ్లో నడక మార్చారట. పక్కింటి మహ్బూబాకూ ఆమెకూ చిన్నప్పటి నుంచీ స్నేహం, అంటే చిన్నప్పటి నుంచీ తగవు. మహ్బూబా కోడి ఈవిడ గడప తొక్కితే, “ఒసే మహ్బూబా, నీ కోడిని అటు తోలుకో. దేశం గుమ్మం ముందు రెట్టలేస్తోంది!” అని కేకేసేవారట.

పటం పైవాళ్ల దగ్గరికి పోయేముందు లమ్జద్ పై అధికారి మొంజి గారు స్వయంగా వచ్చి చూస్తారని కబురైంది. దీవి పెద్ద మనసు చూపించాలి కాబట్టి ఆ రోజు భోజనం మా ఇంట్లోనే. వంటకు సాయంగా నేను కొన్నాళ్లు ముందే ఫెర్రీ ఎక్కాను. చలికాలంలో నేను అత్తవారింటికి వెళ్లడం అదే మొదలు. పిల్లల బడి, ఆయన సెలవు అన్నీ కలిసేది వేసవిలోనే.

పెరట్లోకి వెళ్లగానే ఏదో తేడాగా అనిపించింది. ఆక్టోపస్‌లు ఆరాల్సిన తీగ మీద మేజోళ్లు ఆరుతున్నాయి. మా మామగారి బుట్టలు గోడవారన బోర్లించి ఉన్నాయి. ఒకదాని కింద మహ్బూబా కోడి గుడ్లు పొదుగుతోంది.

“అత్తయ్యా, ఈసారి పట్టు ఎలా ఉంది?” అన్నాను.

“ఏ పట్టు?”

“ఒంటెమెడది.”

ఆవిడ తుడిచిన పళ్లాన్నే మళ్లీ తుడిచారు. “లేదే.”

“చేపలు పడలేదా?”

“దడి లేదు.”

“ఈ ఏడు ఇంకా పాతలేదా?”

“మీ మామయ్య పోయినప్పటి నుంచీ పాతలేదు.”

ఆయన పోయేనాటికి మా పెద్దది కడుపులో ఉంది. ఇప్పుడది బడిలో దేశపటం గీస్తోంది. ఏటా చలికాలంలో మాకు పార్సిలు వచ్చేది. గుడ్డలో చుట్టిన ఎండు ఆక్టోపస్. పైన, “ఒంటెమెడది, పిల్లలకు పెట్టు” అనే మాట ఫోనులో. లమ్జద్ దాన్ని ఆఫీసుకు కూడా పట్టుకెళ్లి, “మా దిబ్బది” అంటూ మొంజి గారి చేత తినిపించేవాడు.

“మరి పార్సిళ్లు?”

“బజారువి.” కాస్త ఆగి, “మంచివే ఏరి కొన్నాను,” అన్నారు, నాణ్యత మీద నాకు అనుమానం రాకుండా.

ఎందుకిలా అని నేను అడగలేదు. ఆవిడే చెప్పారు. “మొదటి ఏడు దుఃఖం. రెండో ఏడు మట్టలు కొట్టి మోసే మనిషి దొరకలేదు, ఉన్నవాళ్లంతా మీ ఊరికి పనికి పోయారు. మూడో ఏడు పాతించగలిగేదాన్నే, కానీ అప్పటికే రెండేళ్లు పాతానని చెప్పేశాను. కొత్తగా ఏం చెప్పను? అలా సిగ్గు మీద సిగ్గు.”

వేసవికి వచ్చిన కొడుకు ఒడ్డున నిలబడి చూస్తే ఖాళీ దిబ్బ కనపడేది. వేసవిలో ఎవరి దిబ్బయినా ఖాళీయే. చదువుకున్న కొడుక్కి అంతకంటే అనుమానం ఎందుకొస్తుంది? చదువుకున్న కోడలికీ రాలేదు.

“ఊళ్లో అందరికీ తెలుసా?”

“దిబ్బ సముద్రంలో కదే ఉంది, పెట్టెలో దాచానా?”

అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఆ దీవిలో ఒకరి నీళ్లలోకి ఇంకొకరు తొంగిచూడరు. పక్కింటి పొయ్యి వెలిగిందా లేదా అని చూడకపోవడం లాంటి మర్యాద అది.

“ఆయనకు ఫోన్ చేసి చెప్పేద్దాం అత్తయ్యా,” అన్నాను.

ఆవిడ నా చేయి పట్టుకున్నారు. ఆవిడ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. “నా అబద్ధం మీద వాడు ఒట్టేసి కూర్చున్నాడే. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ముక్కు పగిలేది వాడిది. దేశం ముందు నా కొడుకు మాట తప్పినవాడవుతాడు. మట్టలు పాతడమే కదా, పాతేద్దాం. పాతాక అబద్ధం కాదుగా?”

ఈ వాదనలో లోపం ఎక్కడుందో నాకు తెలుసు. చరిత్రలో డిగ్రీ ఉన్నదాన్ని. రాజ్యాలన్నీ ఇలాగే మొదలయ్యాయని కూడా తెలుసు. ఫోను బల్ల మీద పెట్టేశాను.

మహ్బూబా మొగుడి పడవ, మహ్బూబా, నేను, అత్తయ్య, బురదలో ఆల్చిప్పలు ఏరుకునే నలుగురు ఆడవాళ్లు. ఉదయం ఆటు వేళ బయల్దేరాం. మట్టలు పచ్చగా, అప్పుడే కొట్టినవి, పడవ నిండా. నీళ్లు చలికి కొరుకుతున్నాయి. నేను గుచ్చిన మట్టలు నాలాగే ఒక పక్కకు వాలాయి.

“నేల పిల్లా, అది దడా, పెళ్లి ఊరేగింపా? వంకర్లు తిరుగుతోంది!” అంది మహ్బూబా.

“స్ఫాక్స్ పిల్ల కదా, మట్ట మట్టకూ మధ్య ఖాళీ వదిలి పొదుపు చేస్తోంది,” అంది ఇంకొకావిడ.

నవ్వులతో పని సాగింది. గది కట్టేచోటికి వచ్చాక మహ్బూబా నవ్వు ఆపింది. “షెద్లియా, గది ఇటు కడుతున్నావేంటే? ఇది ఒడ్డు వైపు. ఆటులో చేప అటు కదా పోయేది, లోతుకి.”

“పడవ రేవు నుంచి వస్తుంది. ఇటువైపు కడితేనే కళ్లకు కడుతుంది. అటు కడితే వెనక్కి తిరిగి కూర్చున్న పెళ్లికూతురులా ఉంటుంది.”

“అటైతే చేప పడుతుందే!”

“చేపల్ని ఎవరు పిలిచారే? వచ్చేది మొంజి గారు.”

మహ్బూబా నావైపు చూసింది. నేను మట్టలవైపు చూశాను. గది ఒడ్డు వైపే లేచింది. అందంగా ఉంది, అబద్ధం చెప్పకూడదు.

తిరుగు దారిలో మహ్బూబా అలవాటుకొద్దీ అనేసింది. “ఇంత చలిలో పాతాం, తొలిపట్టుకి గిన్నె పట్టుకురానా?”

“దాని పేరెత్తకు!” అన్నారు అత్తయ్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏటి దడిలో మొదట పడ్డ చేప ఇంట్లో వండుకోరు. దిబ్బ మీద మొట్టమొదట మట్ట గుచ్చిన ముత్తాత దగ్గర నుంచి నిన్న పోయిన మనిషి వరకూ ఆ ఇంటి పెద్దల పేర పంచేస్తారు. గిన్నెలో వేయించుకున్నవాళ్లు చేప చూసి ముందు ఆ పోయినవాళ్లకు దువా చేసి, తర్వాత ఇంటికి పోతారు. మా మామగారు తొలిపట్టు పంచుతుంటే పెళ్లికొడుకులా ఉండేవారని అత్తయ్య చెప్పేవారు.

మొంజి గారు అనుకున్న రోజుకే వచ్చారు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతారు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి పడవ ఎక్కారు. లమ్జద్ ముందు కూర్చున్నాడు. అత్తయ్య కాలు నొప్పి అన్నారు. దారిలో టీ పొయ్యడానికి నన్ను పంపారు.

దడి కనపడగానే లమ్జద్ లేచి నిలబడి చెయ్యి చాపాడు. “అదిగోండి సార్, ఒంటెమెడ.” గొంతులో పొంగు. పడవ దగ్గరైంది. చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మా ఆయనకు మాట దాచుకోవడం వచ్చు గానీ చెవులు దాచుకోవడం రాదు. రెండూ ఎర్రబడ్డాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ దిబ్బ మీద తిరిగినవాడు. గది ఏ వైపు ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఒకసారి నావైపు చూశాడు. నేను టీలో బాదం పప్పులు వెయ్యడంలో మునిగిపోయాను.

మొంజి గారు నీళ్లలోకి దిగి దడి చివరిదాకా నడిచారు. ఒక మట్టను చేత్తో నిమిరారు. వేళ్లు చూసుకున్నారు. కొలత పరికరం పెట్టి అంకెలు రాసుకున్నారు. “అయితే లమ్జద్, మన దేశం ఈ మట్ట దగ్గర మొదలవుతుందన్నమాట,” అన్నారు.

అప్పుడే నిజం చెప్పి ఉండవచ్చు. అటు మొంజి గారూ ఇటు మా ఆయనా, మధ్యలో మోకాళ్ల లోతు నీళ్లు. మహ్బూబా మొగుడు తెడ్డు ఆపి ఆకాశం చూస్తున్నాడు.

“అవును సార్,” అన్నాడు లమ్జద్.

ఇంటికి రాగానే చేతులు కడుక్కునే నెపంతో వంటింట్లోకి వచ్చాడు. అత్తయ్య కుస్కుస్ రవ్వ కలుపుతున్నారు. పక్కన పెద్ద కుండలో బజారు చేప, హరీసా కారంలో ఎర్రగా ఉడుకుతోంది.

“గది ఒడ్డు వైపు కట్టారేం?” అన్నాడు గొంతు తగ్గించి. “అందులోకి ఏం వస్తుందనుకున్నారు? ఊళ్లోవాళ్లా?”

అత్తయ్య కలపడం ఆపలేదు.

“అమ్మా, ఎన్నాళ్ల నుంచి?”

“మామయ్య పోయినప్పటి నుంచి,” అన్నాను నేను. ఎవరో ఒకరు చెప్పాలి.

ఆయన పీట మీద కూలబడ్డాడు. “ప్రతి ఏడూ ఫోనులో అడిగేవాణ్ణి కదమ్మా. దడి బాగా నిలబడిందా అని. నువ్వు చెప్పేదానివి, ఈసారి గాలికి రెండు చోట్ల వంగింది, సరిచేయించానని. లేని దడికి గాలి కూడా పెట్టావు.”

“నీకు నిజంలా ఉండాలని,” అన్నారు అత్తయ్య.

ముందు గదిలోంచి మొంజి గారి దగ్గు వినిపించింది. లమ్జద్ లేచి చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు. పటంలో మేకు అలాగే ఉంది. భోజనం అయ్యి మొంజి గారు ఫెర్రీ ఎక్కితే, ఇక అది దేశం మేకు.

అందరూ కూర్చున్నారు. మొంజి గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అప్పుడు తలుపు చప్పుడైంది.

ఖమీస్ తాత. మా మామగారు అమర్‌తో కలిసి నలభై చలికాలాలు ఒంటెమెడ మీద తడిసిన మనిషి. తలకు ఉతికిన టోపీ, చేతిలో మట్టి గిన్నె. ఆయన వెనక ఇంకో గిన్నె, దాని వెనక ఇంకొకటి. రేవులో పడవ దిగుతుండగా ఎవరో చూశారు, ఎవరో విన్నారు. ఒంటెమెడ మళ్లీ నిలబడిందట! ఇక ఊళ్లో ఎవరైనా ఆగుతారా? ఎగతాళికి వచ్చి ఉంటే బాగుండేది. ఎగతాళికి మా అత్తయ్య దగ్గర జవాబుంది. వాళ్లు సంతోషంతో వచ్చారు. అందరి వెనక మహ్బూబా వస్తోంది, కొంగు నోట్లో కుక్కుకుని, నావైపు చేతులు తిప్పుతూ. నేను కాదు, నేను చెప్పలేదు అని.

“అమ్మా షెద్లియా,” అన్నాడు ఖమీస్ తాత గుమ్మంలోనే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “అమర్ పోయాక మళ్లీ ఆ దిబ్బ చేప నా గిన్నెలో పడుతుందనుకోలేదు తల్లీ. వాడి పేరు చెప్పి దువా చేసుకుపోతాను. వెయ్యి.”

మొంజి గారు ముద్ద కిందపెట్టారు. “పోయాక మళ్లీ అంటే?” అన్నారు మెల్లగా. “మధ్యలో లేదా తాతా?”

ఖమీస్ తాతకు అప్పుడు అర్థమైంది, ఇంట్లో ఉన్నది ఎవరో. “నాకు... ముసలాణ్ణి బాబూ, గుర్తుండి చావదు,” అన్నాడు. అంత మంచి జ్ఞాపకం ఉన్న మనిషి, మా అత్తయ్య కోసం అందరి ముందూ మతిమరుపు తెచ్చుకున్నాడు.

మొంజి గారు లమ్జద్ వైపు చూశారు. లమ్జద్ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో నాకు తెలియదు. చెవులు చూస్తే, అబద్ధమే అనుకుంటాను.

అత్తయ్య కుండ దగ్గర నిలబడి ఉన్నారు, గరిటె చేతిలో. ఆవిడ చెయ్యాల్సింది చాలా తేలిక. కుండలో చేప ఉంది. గిన్నెలు ఎదురుగా ఉన్నాయి. ఎర్రటి పులుసులో బజారు చేపకూ ఒంటెమెడ చేపకూ తేడా ఎవరికి తెలుస్తుంది? గరిటె ముంచి, ఖమీస్ తాత గిన్నె మీదికి ఎత్తారు. తాత కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదలడం మొదలైంది, “యా రబ్బీ, అమర్‌కి...” అని.

“ఆగు ఖమీస్,” అన్నారు అత్తయ్య.

తాత ఆగాడు.

“ఆయన పేరు ఎత్తకు. ఇది ఒంటెమెడ చేప కాదు. బజారు చేప. తిను, మంచిదే. దువా మాత్రం వద్దు.”

గిన్నెలో చేప పడింది. ఆవిడ తల ఎత్తలేదు. రెండో గిన్నె వచ్చింది. “బజారు చేప,” అన్నారు. మూడో గిన్నె. “ఇదీ బజారుదే.” గిన్నె గిన్నెకూ చెప్పారు, గొంతు ఒకటే రకంగా, ఏదో అమ్ముతున్నట్టు. వద్దని వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను. ఎవరూ వెళ్లలేదు. చాపిన గిన్నె వెనక్కి తీసుకుంటే ఆవిడను ఇంకా అవమానించినట్టవుతుందని ఒక్కొక్కరూ ముందుకొచ్చి పట్టారు, తల వంచుకుని, తామే ఏదో తప్పు చేసినట్టు. చివరి గిన్నె మహ్బూబాది. ఖాళీ చేతులతో వచ్చిన మనిషి, మా వంటింట్లోదే గిన్నె ఒకటి తీసుకుని వరసలో నిలబడింది, ఊరంతా తింటున్న మాటను తానూ తినడానికి.

“బజారుదే,” అన్నారు అత్తయ్య.

“తెలుసే,” అంది మహ్బూబా. “ఉప్పు ఎక్కువేశావు, వాసనకే తెలుస్తోంది.”

ఎవరూ నవ్వలేదు. కుండ అడుగు కనపడింది. గరిటె కిందపెట్టి అత్తయ్య మొంజి గారి వైపు తిరిగారు. ఆయన ముఖం చూడలేక ఆయన ముందున్న పళ్లాన్ని చూస్తూ మాట్లాడారు. “దడి మొన్న పాతించాను బాబూ. నా కొడుక్కి తెలీదు. చచ్చినవాళ్ల పేరు మీద అబద్ధం వడ్డించలేను. మీకు వడ్డించగలిగాను. అందుకు సిగ్గుగా ఉంది.”

మొంజి గారు ముద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. పళ్లెంలో ఉన్నది శుభ్రంగా తిన్నారు. వదిలేసి లేస్తే ఇంకా బాగుండేదని మా ఆయన తర్వాత అన్నాడు.

రేవు దాకా మేమిద్దరమూ ఆయనతో నడిచాం. తెరచాపలు ఆరేసిన గోడ దాటాక లమ్జద్ ఆగాడు. “సార్, అమ్మ అన్నది పూర్తి నిజం కాదు. నాకు తెలుసు. పడవలోనే తెలిసింది. గది తప్పు వైపు ఉంది. చూసి కూడా అవును సార్ అన్నాను.”

“మట్టలు పచ్చగా ఉన్నాయి లమ్జద్,” అన్నారు మొంజి గారు. “పాచి లేదు. చెయ్యి పెట్టి కూడా చూశాను. మాది బిజెర్త్, నాకూ నీళ్లు తెలుసు.”

“మరి అప్పుడే...”

“మీరు చెప్తారని ఆగాను. భోజనం దాకా ఆగాను.” గొంతులో కోపం లేదు. ఉంటే మా ఆయన దాన్ని పట్టుకుని నిలబడేవాడు. “మేకు పక్క దిబ్బకు జరపండి. అక్కడ దడి పాతదేనా?”

“పాతదే సార్. ఏ ఏడూ తప్పలేదు.”

“ఎవరిది?”

లమ్జద్ పక్క దిబ్బవైపు చూశాడు. “మహ్బూబా వాళ్లది,” అన్నాడు.

మొంజి గారు ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. మర్నాడు ఆటులో తల్లీ కొడుకూ కలిసి ఒంటెమెడకు వెళ్లి దడి పీకారు. సాయం వస్తానంటే వద్దన్నారు. ఒడ్డున నిలబడి చూశాను. ఒకరికొకరు వీపు పెట్టి, ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ మొదలెట్టి పీకుతూ వచ్చారు. నడుమ కలిసి చూసేసరికి దడి చివర మిగిలింది గది ఒక్కటే. దాని ముందు ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత లమ్జద్ వంగి పీకాడు. ఆవిడ మట్టలు అందుకుని పడవలో పేర్చారు.

సాయంత్రం పెరట్లో ఉండగా మహ్బూబా కోడి గోడ దూకి వచ్చి మా గడప మీద నిలబడింది. అత్తయ్య దాన్ని చూశారు. తోలలేదు. గోడ అవతల మహ్బూబా కూడా చూసింది. దేశం గుమ్మం ఇప్పుడు వాళ్లింటి ముందుందని ఆమెకు అప్పటికే తెలుసు. చిన్నప్పటి నుంచీ ఉన్న తగవులో దొరికిన ఇంత పెద్ద ఆయుధం. మహ్బూబా గబగబా వచ్చి, కోడిని చంకలో పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. అత్తయ్య కొంగుతో ముఖం కప్పుకోవడం అప్పుడు చూశాను. గిన్నెల ముందు కప్పుకోలేదు.

“పటంలో ఎంత పోయింది?” అని ఆయన్ని అడిగాను, సంచులు సర్దుతూ.

“సన్నటి ముక్క. పటం మీద అయితే నీ గోటి అంచంత.”

“నీళ్ల మీద?”

ఆయన సంచి మూతి బిగించాడు. లెక్క ఆయనకు తెలుసు.

ఫెర్రీ రేవుకి అత్తయ్య కూడా వచ్చారు. రాను అంటారనుకున్నాం. రేవులో ఎప్పటిలాగే సగం ఊరు ఉంది. స్ఫాక్స్‌కి మందులకు పోయేవాళ్లు, సామాన్లు ఎక్కించేవాళ్లు, ఊరికే చూసేవాళ్లు. ఖమీస్ తాత అటు తిరిగి కూర్చున్నాడు, మమ్మల్ని చూడకుండా ఉండే మర్యాద కోసం. ఫెర్రీ కూత వేసింది. అత్తయ్య సంచిలోంచి గుడ్డ మూట తీశారు. అదే గుడ్డ, అదే ముడి. ఏటా పార్సిల్లో వచ్చేదే.

కొడుకు చేతిలో పెట్టబోయి ఆగారు.

“బజారుది,” అన్నారు. నలుగురికీ వినపడేంత గట్టిగా.

లమ్జద్ రెండు చేతులూ చాపి అందుకున్నాడు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.